సెటిరిజిన్ మాత్ర: దద్దుర్లకు సాటిలేనిది, ప్రతి వాపుకూ మందు కాదు

దీర్ఘకాలిక దద్దుర్ల కోసం వైద్యుల సలహాపై మూడేళ్లుగా 10 మిల్లీగ్రాముల సెటిరిజిన్ అనే అలర్జీ మాత్ర వాడుతున్నాను. మధ్యలో ఆరు నెలలు అదే కోవకు చెందిన ఫెక్సోఫెనాడిన్‌ అనే మందుకు మారి చూశాను. దురద విషయంలో సెటిరిజిన్ మాట నిలబెట్టుకుంటుంది. మింగిన గంటలోపే ఉపశమనం మొదలవుతుంది, ప్రభావం దాదాపు ఒక రోజంతా ఉంటుంది.

అయితే మొదటి ఏడాది నేను దాన్ని సరిగా వాడలేదు. దద్దు లేచాక మింగి, తగ్గగానే మానేసేవాణ్ణి. చర్మంలోని మాస్ట్ కణాలు అనే రోగనిరోధక కణాలు విడుదల చేసే హిస్టమిన్ అనే రసాయనం రక్తనాళాల మీదా నరాల కొనల మీదా ఉన్న హెచ్1 గ్రాహకాలకు (ఆ రసాయనపు సంకేతాన్ని అందుకునే ప్రోటీన్లకు) అంటుకున్నప్పుడు నాళాలు వ్యాకోచించి, వాటి గోడల సందుల నుంచి ద్రవం బయటికి ఊరి, చర్మం ఎర్రబడి ఉబ్బుతుంది, దురద పుడుతుంది. ఒకసారి ఊరిన ద్రవాన్ని ఏ మాత్రా వెనక్కి లాగలేదు. పైగా ఈ గ్రాహకం హిస్టమిన్ లేనప్పుడు కూడా కొంతమేర తనంత తానే పనిచేస్తూ ఉంటుంది. సెటిరిజిన్ దాన్ని నిద్రాణ స్థితిలో పట్టి ఉంచుతుంది. కాబట్టి దద్దు లేవకముందే మందు గ్రాహకాన్ని పట్టుకుని ఉండాలి. ఈ సంగతి అర్థమై రోజూ రాత్రి ఒకే వేళకు వేసుకోవడం మొదలుపెట్టాకే నా చర్మం కుదుటపడింది. ఒక మాత్ర సరిపోని వారికి నాలుగు రెట్ల వరకు మోతాదు పెంచవచ్చని దద్దుర్ల చికిత్సా మార్గదర్శకాలు చెబుతున్నాయి, కానీ అది వైద్యుల పర్యవేక్షణలోనే జరగాలి.

మత్తు దీని ప్రధాన లోపం. మెదడులో హిస్టమిన్ మనల్ని మెలకువగా ఉంచుతుంది కనుక, క్లోర్‌ఫెనిరమిన్ వంటి పాత మందులు అక్కడి హెచ్1 గ్రాహకాలను కూడా మూసి నిద్ర తెప్పించేవి. సెటిరిజిన్ మెదడులోకి చాలా తక్కువగా చేరుతుంది, అయినా నాకు ఉదయం పూట కొంత మందకొడితనం ఉండేది. ఫెక్సోఫెనాడిన్‌తో అది పూర్తిగా పోయింది. దాని చరిత్ర కూడా తెలుసుకోదగ్గదే: టెర్ఫెనాడిన్ అనే మందు గుండె లయను దెబ్బతీయడంతో 1990లలో మార్కెట్ నుంచి తొలగించబడింది, ఆ మందు కాలేయంలో మారగా ఏర్పడే పదార్థమే, గుండెకు ఆ ప్రమాదం లేని ఈ ఫెక్సోఫెనాడిన్. పండ్లరసంతో వేసుకుంటే మాత్రం ఒంటికి పట్టే మోతాదు తగ్గిపోతుంది, మంచినీళ్లతోనే మింగాలి. నా దద్దుర్లు సెటిరిజిన్‌కే మెరుగ్గా లొంగినందున మళ్లీ దానికే వచ్చాను.

ముక్కు దిబ్బడకు ఈ మాత్ర మీద ఆశ పెట్టుకోకండి. తుమ్ములు, ముక్కు కారడం తగ్గుతాయి గాని దిబ్బడకు ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రేయే నయం. కీళ్లవాపు, ఉబ్బసం వంటి వాటిలో ల్యూకోట్రయీన్లు, సైటోకైన్లు వంటి ఇతర రసాయనాల పాత్ర పెద్దది, హెచ్1 ఒక్కదాన్ని మూసినంత మాత్రాన అవి ఆగవు. హిస్టమిన్ అంటుకునే మిగిలిన గ్రాహకాల్లో హెచ్2ను మూసే మందులు కడుపులో ఆమ్లాన్ని తగ్గించేందుకూ, హెచ్3ను మూసే పిటోలిసాంట్ నార్కొలెప్సీ అనే నిద్ర వ్యాధికీ ఉపయోగపడుతున్నాయి. 2000లో వెలుగులోకి వచ్చిన హెచ్4 రోగనిరోధక కణాల మీద ఉంటుంది కనుక, ఇన్‌ఫ్లమేషన్‌ను (రోగనిరోధక కణాలు రేపే వాపును) తగ్గించే మందులకు అసలైన లక్ష్యం అదేనన్న ఆశ నాలాంటి రోగులందరికీ కలిగింది. ప్రయోగాల్లో హెచ్4ను మూసే ఒక మందు తెల్ల రక్తకణాలను ప్రమాదకరంగా తగ్గించడంతో ఆగిపోయింది, మరికొన్ని తగిన ఫలితం చూపలేదు. హెచ్4 మందు ఇంకా రోగుల చేతికి రాలేదు.

నా అసంతృప్తి ఒక్కటే. నెలల తరబడి వాడిన సెటిరిజిన్‌ను ఒక్కసారిగా ఆపితే అరుదుగా తీవ్రమైన దురద తిరగబెట్టవచ్చని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2025 మేలో హెచ్చరించింది. నేను కొన్న పెట్టెలోని సమాచార పత్రంలో ఆ మాటే లేదు. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి మోతాదు తగ్గించాలన్న సూచన మాత్రం స్పష్టంగా ఉంది. గొంతు వాచి ఊపిరి ఆడని స్థితిలో ఈ మాత్ర కోసం వెతుక్కోవద్దు. అప్పుడు ముందుగా కావలసింది ఎడ్రినలిన్ ఇంజెక్షన్.