ఇల్లు ఊరికే, స్థలమే ఖరీదు

ఇటలీలో ఒక్క యూరోకే ఇల్లు అన్న వీడియో చూసినప్పటి నుంచి మా బావకి నిద్ర లేదు. సిసిలీలో సంబూకా అనే ఊళ్ళో 2019లో పాడుబడ్డ ఇళ్ళని ఒక యూరో నుంచి పాట మొదలుపెట్టి వేలం వేశారు. కాకపోతే 5 వేల యూరోలు డిపాజిట్ కట్టాలి, మూడేళ్ళలో బాగు చేయించాలి. "అక్కడిదాకా ఎందుకు, తాళాలేసిన మండువా లోగిళ్ళు మన కోనసీమలో లేవా?" అని బావ నన్ను లాక్కెళ్ళాడు. సంక్రాంతి రద్దీ తగ్గాక నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కాం.

పాలకొల్లులో దిగి లాడ్జిలో ఏసీ గది తీసుకున్నాం. రిమోట్ అడిగితే "కూలింగ్ రాదండి, ఫ్యాన్ బాగా తిరుగుద్ది" అన్నాడు కుర్రాడు. డబ్బు మాత్రం ఏసీకే.

మొదటి ఇల్లు ఆ పక్క పల్లెలోనే. వెంట తీసుకెళ్ళిన వడ్రంగి మేస్త్రీ ముందు గోడ దగ్గరే ఆగిపోయాడు. సున్నంతో కట్టిన గోడకి ఎవరో పదేళ్ళ కిందట సిమెంటు పూయించారు. లోపలి చెమ్మకి బయటికి దారి లేక నడుం ఎత్తున గోడంతా పొక్కులు. తర్వాత మండువాలో, అంటే ఇంటి మధ్య ఆకాశం కనిపించే చోట, స్తంభం. నల్లగా నిగనిగలాడుతోంది, బావ ఫొటోలు తీస్తూనే ఉన్నాడు. మేస్త్రీ కూర్చుని అడుగున మేకుతో పొడిచాడు. మేకు వేలెడు లోతు దిగిపోయింది. "ఆయ్, పైదంతా పాలిషేనండి, లోపల చెదలు తినేసింది." నాలుగు స్తంభాల్లో రెండు అంతే.

మర్నాడు నరసాపురం దగ్గర అద్దె కారుతో సహా పంటు (బండ్లని దాటించే పడవ) ఎక్కి గోదావరి దాటి సఖినేటిపల్లి రేవులో దిగాం. కారుకి చీటీ ఇచ్చినాయన చిల్లర లేదని రెండు జామకాయలు చేతిలో పెట్టాడు. అక్కణ్ణించి రాజోలు వైపు గోదావరి లంకలో రెండో ఇల్లు. కలప గట్టిదే, పెంకులు కూడా ముప్పాతిక పనికొస్తాయి. అమ్మే పెద్దాయన గోడ మీద గీత చూపించాడు: "86 వరద ఇందాకా వచ్చిందండి." నా ఛాతీ దాకా ఉంది. 2022 జూలైలో గడప దాటి ఆగిందట. ఇటలీ ఇళ్ళకి ఈ బాధ లేదు కదా అన్నాను, బావ వినిపించుకోలేదు.

ఆ రాత్రి దిండిలో టూరిజం వాళ్ళ రిసార్ట్‌లో పడుకున్నాం. గది మామూలుదే, కానీ కిటికీ తీస్తే వశిష్ట గోదావరి. డబ్బుకి సరిపోయింది.

అసలు లెక్క అర్థమైంది మూడో రోజు, అమలాపురం పక్కన పేరూరు అగ్రహారంలో. ఇల్లు పదిలంగా ఉంది. నాలుగు వైపుల వాన మండువాలో పడి తూము గుండా వీధి కాలవలో కలుస్తుంది, తూము ఇంకా పూడుకోలేదు. ధర అడిగితే సెంటు లెక్క చెప్పారు. మరి ఇంటికి? "ఇంటికేమీ లేదండి. మీకొద్దంటే కలప వాళ్ళు వచ్చి విప్పుకుపోతారు, ఆ డబ్బు మేం తీసుకుంటాం." అంటే ఇక్కడా ఇల్లు ఊరికే. కొబ్బరిచెట్లున్న స్థలం మాత్రం కళ్ళు తిరిగే ధర. దానిపైన రిజిస్ట్రేషన్‌కి ఏడున్నర శాతం, బాగు చేయించడానికి మేస్త్రీ చెప్పిన 18 లక్షలు వేరే.

సరే, కాగితాలు చూపించమన్నాం. గ్రామకంఠం స్థలం, అంటే పాత ఊరి ఇళ్ళ జాగా. ఇదివరకు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే లింకు డాక్యుమెంట్లు లేవు, ఇంటిపన్ను రశీదులే. వారసులు ఏడుగురు. ఆరుగురు సంతకానికి రెడీ, ఏడో ఆయన డల్లాస్‌లో ఉన్నాడు, ఫోన్ ఎత్తడు.

బావ ఇప్పటికీ వారానికోసారి ఆ నంబరుకి వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ పెడుతున్నాడు. మొన్న రెండు నీలం టిక్కులు వచ్చాయట.