రిటైరయ్యాక లింక్డ్‌ఇన్: ఉంచాలా, మూసేయాలా?

ఏది ఎంచుకున్నా, ఆఫీసు మెయిల్ ఆగిపోకముందే సెట్టింగ్స్‌లో సొంత మెయిల్ చేర్చి దాన్నే ప్రైమరీ చేసుకోండి. లేదంటే వెరిఫికేషన్ కోడ్ పాత మెయిల్‌కే పోతుంది. అప్పుడు ఉంచుకోవడమూ కష్టమే, మూయడమూ కష్టమే.

కన్సల్టెన్సీ, గెస్ట్ లెక్చర్ల ఆలోచన ఉంటే ఉంచుకోండి. పాత ఉద్యోగానికి ముగింపు తేదీ వేసి, హెడ్‌లైన్ (పేరు కింద కనిపించే లైన్) మార్చండి. ఇంకా ‘ప్రస్తుతం’ అనే కనిపిస్తుంటే వెండర్లు, ఉద్యోగాలు వెతికే పిల్లలు మీకే రాస్తుంటారు, పాపం. టూ-స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు కోడ్ కూడా అడగడం) తప్పనిసరి.

మూసేయాలంటే ప్రీమియం (డబ్బు కట్టే ప్లాన్) ఉంటే ముందు రద్దు చేయండి. తర్వాత డేటా ప్రైవసీలోకి వెళ్లి మీ డేటా కాపీ అడగండి; పూర్తి ఫైలు రావడానికి ఒక రోజు దాకా పట్టొచ్చు. అందులో మీ కనెక్షన్ల పేర్లుంటాయి గానీ, చాలామంది మెయిల్ ఐడీ గడి ఖాళీగా ఉంటుంది. కావలసినవాళ్ల ఫోన్ నంబర్లు ముందే అడిగి రాసుకోండి. మూసిన 14 రోజుల్లోపు ఖాతా మళ్లీ తెరవొచ్చు. కానీ మెసేజ్‌లు, సహోద్యోగులు మనసుపెట్టి రాసిన రికమెండేషన్లు తిరిగి రావు. వాటిని తప్పక దాచుకోండి.

ఎటూ తేలకపోతే అకౌంట్ మేనేజ్‌మెంట్‌లో ‘హైబర్నేట్’ ఉంది. ప్రొఫైల్ ఎవరికీ కనబడదు, డేటా మాత్రం ఉంటుంది. 24 గంటలు దాటాక ఎప్పుడు లాగిన్ అయినా తెరుచుకుంటుంది. మొదటి ఏడాది దీనికే మా ఓటు.