ప్లాట్ పేపర్లు చూసే అడ్వకేట్ ఆఫీస్, ఎల్బీ నగర్: మా అనుభవం

శంకర్‌పల్లి వైపు 200 గజాల ప్లాట్ చూసి, యాభై వేలు టోకెన్ కూడా ఇచ్చేశాక, మా ఆడపడుచు పోరు పెడితే ఈ ఆఫీసుకి పేపర్లు పట్టుకెళ్లాం. రంగారెడ్డి కోర్టు దగ్గర, మెడికల్ షాప్ పైన రెండో అంతస్తు. ఫీజు 6,000. ఆ ఆరు వేలు పెట్టకపోయి ఉంటే మా 28 లక్షలు ఇరుక్కుపోయేవి, అందుకే ఇంత రాస్తున్నా.

ఏజెంట్ మాకు మొదటి నుంచీ ఒకటే మాట, "నాలా అయిపోయింది మేడం, ఇంకేం భయం లేదు" అని. తహసీల్దార్ సంతకం ఉన్న ప్రొసీడింగ్స్ జిరాక్స్ కూడా ఇచ్చాడు, మేము అదే పెద్ద పర్మిషన్ అనుకున్నాం. అడ్వకేట్ సార్ ఆ కాగితం చూసి "ఇది నిజమేనమ్మా, కానీ ఇది రెవెన్యూ వాళ్ల లెక్క, ప్లానింగ్ వాళ్ల లెక్క వేరే ఉంటది" అన్నారు. నాలా అంటే 2006 చట్టం కింద వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చడం, అంతవరకే. అక్కడ ఇళ్ల లేఅవుట్ వస్తదా రాదా అనేది హెచ్ఎండీఏ (హైదరాబాద్ చుట్టుపక్కల ప్లానింగ్ చూసే సంస్థ) మాస్టర్ ప్లాన్ లో ఆ సర్వే నంబర్ ఏ జోన్ లో పడిందో దాన్ని బట్టి. 2013 లో నోటిఫై అయిన 2031 ప్లాన్ మ్యాప్ సిస్టమ్ లో తెరిచి మా వెంచర్ బొమ్మ పక్కన పెట్టి చూపిస్తే, ముందు సగం పెరి అర్బన్ లో, అంటే నగరం అంచున ఇళ్లకి వీలున్న జోన్ లో ఉంది, మా ప్లాట్ ఉన్న వెనక సగం మొత్తం కన్జర్వేషన్ జోన్. కన్జర్వేషన్ అంటే ముఖ్యంగా వ్యవసాయానికి, తోటలకి, మార్చాలంటే చేంజ్ ఆఫ్ ల్యాండ్ యూజ్ కి పెట్టుకుని ప్రభుత్వం దాకా పోవాలి. జంట జలాశయాల కోసం కట్టడాల మీద ఆంక్షలు పెట్టిన జీవో 111 లోని 84 గ్రామాల్లో మా ఊరు ఉందేమో అది కూడా చూశారు, లేదు.

నాకు బాగా గుర్తుండిపోయింది పాత పహాణి, అంటే భూమి ఎవరిది, ఏ రకం అని రాసుండే రెవెన్యూ రికార్డు. వెంచర్ వెనక చెట్లున్న గుట్ట ఉంది, ఏజెంట్ "ఖాళీ జాగానే మేడం, రేపు అదీ డెవలప్ అయితది" అన్నాడు. ఆ సర్వే నంబర్ పహాణి తెప్పించి, సార్ పెన్సిల్ తో ఒక్క మాట చుట్టూ సున్నా చుట్టారు: కంచ. అంటే పశువులు మేసే భూమి. శిఖం అని ఉంటే చెరువు లోపలి భూమి, దాని చుట్టూ బఫర్, అంటే ఏమీ కట్టని ఖాళీ కూడా వదలాలి, 10 హెక్టార్లు దాటిన చెరువైతే 30 మీటర్లు. ఈ మాటలన్నీ మా తాతయ్య నోట విన్నవే, వాటికి చట్టంలో ఇంత బరువుందని నాకు ఇప్పుడే తెలిసింది.

ఇక అడవి సంగతి. గెజిట్ లో రిజర్వ్ ఫారెస్ట్ అని వస్తేనే అడవి అనుకునేదాన్ని. 1996 డిసెంబర్ 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, ఓనర్ ఎవరైనా సరే, నిఘంటువు అర్థంలో అడవి అయితే అటవీ సంరక్షణ చట్టం వర్తిస్తుందని చెప్పిందంట. 2025 ఏప్రిల్ లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కొట్టడం సుప్రీంకోర్టు ఆపించినప్పుడు టీవీలో రోజూ చూశాం కదా, ఆ గొడవలో ఈ ప్రశ్న కూడా ముఖ్యమేనని సార్ చెప్తే అర్థమైంది. రికార్డులో అడవి అని లేనంత మాత్రాన అక్కడి నెమళ్లు, చెట్లు లేకుండా పోవు కదా, ఆ గుట్టని ఖాళీ జాగా అనడం నాకైతే మనసుకి కష్టంగా అనిపించింది.

ఇబ్బందులు కూడా చెప్పాలి. ఐదు రోజుల్లో ఇస్తామన్న రిపోర్ట్ తొమ్మిది రోజులు పట్టింది. లిఫ్ట్ లేదు, మా మామయ్య గారు మోకాళ్ల నొప్పితో కిందే కూర్చున్నారు. రిపోర్ట్ 11 పేజీలు మొత్తం ఇంగ్లీష్, సార్ నలభై నిమిషాలు కూర్చుని తెలుగులో విడమర్చి చెప్పారు గానీ ఒక పేజీ తెలుగులో కూడా రాసిస్తే ఇంట్లో పెద్దవాళ్లు చదువుకుంటారు. ఇది వాళ్లు తప్పకుండా మొదలుపెట్టాలి.

టోకెన్ లో ముప్పై వేలు వెనక్కి వచ్చాయి, మిగతాదానికి ఇంకా తిరుగుతున్నాం. మీరు వెళ్లేటప్పుడు లింక్ డాక్యుమెంట్లు (పాత అమ్మకాల కాగితాలు), ఈసీ (భూమి మీద అప్పులు, లావాదేవీలు చూపే సర్టిఫికెట్)తో పాటు లేఅవుట్ బొమ్మ కూడా తీసుకెళ్లండి, అది లేకపోతే మీ ప్లాట్ మ్యాప్ లో ఏ మూల పడిందో చూడలేరు. సార్ పగలంతా కోర్టులో ఉంటారు, ఐదు దాటాక వెళ్లండి.