గన్నవరం, శంషాబాద్, డాలస్: విడి టికెట్ల ప్రయాణంలో ఎంత వ్యవధి చాలు?

పిల్లలు విదేశాల్లో ఉన్న గుంటూరు, కృష్ణా జిల్లాల ఇళ్ళలో తరచూ నడిచే లెక్క ఇది. గన్నవరం నుంచే అమెరికాకు ఒకే టికెట్ తీస్తే ఒక ధర. హైదరాబాద్ నుంచి అంతర్జాతీయ టికెట్ తీసి, గన్నవరం–హైదరాబాద్ ముక్క విడిగా కొంటే ఇంకో ధర. రెండోది చాలాసార్లు మనిషికి ఐదారు వేలైనా తగ్గుతుంది. తెర మీద రెండు విమానాల మధ్య మూడు గంటలు కనిపిస్తుంది కాబట్టి, అక్కడి నుంచి టికెట్లు తీసే పిల్లలకు అది చాలనిపిస్తుంది. ఆ మూడు గంటల్లో పెట్టెలు లాగుతూ నడవాల్సింది మాత్రం మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలు.

ఈ చలికాలంలో మా ఆవిడా నేనూ డాలస్‌లో ఉన్న అమ్మాయి దగ్గరికి వెళ్ళి వచ్చాం. హైదరాబాద్ నుంచి దోహా మీదుగా డాలస్‌కు ఒక టికెట్, గన్నవరం నుంచి శంషాబాద్‌కు విడిగా మరొకటి. మా అల్లుడు గారు మొదట చూపించింది సాయంత్రం విమానం. "మామయ్య గారూ, దిగాక ఐదు గంటలు ఉంటుంది కదండీ" అన్నారు. నేను ఒప్పుకోలేదు. తెల్లవారుజామున బయలుదేరే విమానానికి ముందు రోజు ఉదయమే గన్నవరంలో ఎక్కుతామని పట్టుబట్టాను.

నా కొలత ఒక్కటే. గన్నవరం విమానం రద్దయినా కారులో వెళ్ళి అందుకోగలిగేంత వ్యవధి ఉండాలి. విజయవాడ నుంచి శంషాబాద్ సుమారు 270 కిలోమీటర్లు. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే నగరంలోకి వెళ్ళనక్కరలేదు, ఐదు గంటల దారి. అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందు చేరాలి. విమానం రద్దయిందని తేలడానికి, సామాను వెనక్కి తీసుకోవడానికి, కారు మాట్లాడుకోవడానికి మరో రెండు గంటలు. అంటే గన్నవరంలో బయలుదేరే సమయానికీ శంషాబాద్‌లో బయలుదేరే సమయానికీ మధ్య పది గంటలు. అంతకంటే తక్కువైతే దాన్ని నేను కనెక్షన్‌గా లెక్కపెట్టను.

ఆ పది గంటలు కూడా రోడ్డు బాగున్నప్పటి మాట. 2023 జూలైలోనూ, 2024 సెప్టెంబరు వరదల్లోనూ నందిగామ దగ్గర ఐతవరం వద్ద మున్నేరు నీరు హైదరాబాద్ జాతీయ రహదారి మీదికి వచ్చి రాకపోకలు ఆగిపోయాయి. సంక్రాంతి రోజుల్లో పంతంగి టోల్ ప్లాజా దగ్గర బారులు తీరే వాహనాల సంగతి ఈ దారిలో తిరిగేవాళ్ళకు చెప్పనక్కరలేదు. వానల్లోనూ పండగ రోజుల్లోనూ అయితే ముందు రోజే హైదరాబాద్ చేరి పడుకోవడం మేలు. మా గుంటూరు వాళ్ళకు పిడుగురాళ్ళ, మిర్యాలగూడ, నల్గొండ మీదుగా మరో దారి ఉంది కాబట్టి కొంత నయం.

నిజానికి గుంటూరు నుంచి గన్నవరం వెళ్ళి విమానం ఎక్కడం వల్ల మిగిలే సమయం చాలా తక్కువ. మంగళగిరి, వారధి, బెంజ్ సర్కిల్, రామవరప్పాడు దాటి గన్నవరం చేరడానికి గంటన్నర, అక్కడ గంటన్నర నిరీక్షణ, గంట ప్రయాణం, దిగాక సామాను కోసం అరగంట. నేరుగా కారులో వెళ్ళినా గంట, గంటన్నర తేడా అంతే. మా ఆవిడకు నడుము నొప్పి, ఐదు గంటలు కుదుపుల్లో కూర్చోలేదు. అందుకే విమానం. ఆ ఇబ్బంది లేనివాళ్ళకు తిరుపతి–సికింద్రాబాద్ వందే భారత్ గుంటూరు, నల్గొండ మీదుగా 2023 నుంచి నడుస్తోంది. విజయవాడ వాళ్ళకు విశాఖ–సికింద్రాబాద్ వందే భారత్ ఉంది. రైలు దిగాక సికింద్రాబాద్ నుంచి శంషాబాద్‌కు ట్యాక్సీ కోసం గంటన్నర కలుపుకోవాలి.

మేము వెళ్ళిన రోజు గన్నవరంలో పొగమంచు. హైదరాబాద్ నుంచి రావలసిన చిన్న ఏటీఆర్ విమానం రాలేదు. మా ప్రయాణం రెండున్నర గంటలు ఆలస్యమైంది. మాకు చేతిలో వ్యవధి ఉంది కాబట్టి తెచ్చుకున్న పులిహోర తిని కూర్చున్నాం. పక్క కుర్చీలో జర్మనీలో చదువుకునే తెనాలి కుర్రవాడు, సెలవులకు వచ్చి తిరిగి వెళ్తున్నాడు. అతనిది గన్నవరం–ఢిల్లీ ఒక టికెట్, ఢిల్లీ–మ్యూనిక్ విడిగా ఇంకో టికెట్. మధ్యలో నాలుగు గంటలు. ఢిల్లీలోనూ మంచు, విమానం ఎప్పుడు కదులుతుందో ఎవరూ చెప్పడం లేదు. కౌంటర్ దగ్గరికి అతనితో పాటు నేనూ వెళ్ళాను. అక్కడి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "సర్, మీ రెండో టికెట్ మాకు కనిపించదు. మాకు సంబంధించినంతవరకు మీ ప్రయాణం ఢిల్లీతో అయిపోతుంది" అంది.

ఆమె చెప్పింది నిబంధనల ప్రకారం నిజం. ఒకే టికెట్ మీద మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే, గమ్యం చేర్చే బాధ్యత విమాన సంస్థది. తర్వాతి విమానంలో చోటు వాళ్ళే చూస్తారు. విడి టికెట్లయితే రెండో సంస్థ దృష్టిలో మనం సమయానికి రాని ప్రయాణికులం. టికెట్ విలువలో అధిక భాగం పోవచ్చు. రానూపోనూ కలిపి తీసి ఉంటే, వెళ్ళే ముక్క వాడనందుకు తిరుగు ముక్క కూడా సాధారణంగా రద్దయిపోతుంది. మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల్లో విమానం రద్దయినప్పుడు ఇచ్చే పరిహారం గురించి చెప్పే చోట కూడా, తప్పిపోయిన కనెక్షన్ అదే టికెట్ నంబరు మీద ఉండాలన్న మాట ఉంది. పైగా మంచు వంటి కారణాలకు ఆ పరిహారం వర్తించదు. రైల్వే శాఖ 2019 ఏప్రిల్ నుంచి రెండు పీఎన్ఆర్‌లను జత చేసుకునే వీలిచ్చింది. మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పితే, ప్రయాణించని భాగానికి కోత లేకుండా డబ్బు తిరిగి వస్తుంది. విమానాలకు అలాంటి ఏర్పాటు ఎందుకు ఉండకూడదో నాకు అర్థం కాదు. సామాన్యులు కూడా విమానం ఎక్కుతున్న కాలంలో ఇది అడగదగిన విషయమే.

ఆ కుర్రవాడికి నేను చెప్పింది ఒకటే: "ఢిల్లీ చేరేదాకా ఆగకు బాబూ, ఇప్పుడే రెండో సంస్థకు ఫోన్ చెయ్యి." విమానం బయలుదేరక ముందే తేదీ మార్చుకుంటే రుసుము, ధర తేడా మాత్రం కట్టాల్సి వస్తుంది. బయలుదేరిన తర్వాత అడిగితే చాలా టికెట్లలో ఏమీ మిగలదు. నలభై నిమిషాలు ఫోన్ పట్టుకుని మర్నాటికి మార్చుకున్నాడు. బాగానే డబ్బు కట్టాడు గానీ, టికెట్ మొత్తం పోలేదు. అతనికి నా పది గంటల కొలత కూడా పనికిరాదు, ఎందుకంటే గన్నవరం నుంచి ఢిల్లీకి రోడ్డున వెళ్ళి విమానం అందుకోవడం అయ్యే పని కాదు. ఢిల్లీ, ముంబయి మీదుగా విడి టికెట్లు తీస్తే, చలికాలంలో ముఖ్యంగా, అక్కడ ఒక రాత్రి బస తప్పనిసరి అనుకోవాలి.

ఊరును బట్టి కూడా తేడా ఉంటుంది. శంషాబాద్‌లో దేశీయ, అంతర్జాతీయ విమానాలకు ఒకటే టెర్మినల్. దిగి, సామాను తీసుకుని, మళ్ళీ బయలుదేరే ద్వారం దగ్గరికి వస్తే చాలు. వీలైతే హైదరాబాద్‌నే ఎంచుకోమని చెప్పడానికి ఇదొక పెద్ద కారణం. ఢిల్లీలో మొదటి టెర్మినల్‌లో దిగితే, అంతర్జాతీయ విమానాలు బయలుదేరే మూడో టెర్మినల్‌కు రోడ్డు మీద కొన్ని కిలోమీటర్లు వెళ్ళాలి. ముంబయిలోనూ రెండు టెర్మినళ్ళు వేరు వేరు చోట్ల ఉన్నాయి. బెంగళూరులో 2023 సెప్టెంబరు నుంచి అంతర్జాతీయ విమానాలు రెండో టెర్మినల్‌కు మారాయి, మనం దిగేది ఏ టెర్మినల్‌లోనో ముందే చూసుకోవాలి. చెన్నైలో టెర్మినళ్ళు పక్కపక్కనే ఉంటాయి, నడిచి వెళ్ళవచ్చు.

విదేశంలో టికెట్ విడగొడితే ఇంకో చిక్కు. సామాను తీసుకోవాలంటే ఆ దేశపు ఇమ్మిగ్రేషన్ దాటాలి, దాటాలంటే చాలా దేశాల్లో వీసా కావాలి. 2022లో విజయవాడ–షార్జా విమానం మొదలయ్యాక, షార్జాలో దిగి దుబాయ్ నుంచి యూరప్‌కు చవక టికెట్ తీసుకుందామనే ఆలోచన మా బంధువుల్లోనే విన్నాను. షార్జా నుంచి దుబాయ్ విమానాశ్రయానికి రోడ్డున వెళ్ళాలి, యూఏఈ వీసా గానీ, దిగాక అక్కడే వీసా పొందే అర్హత గానీ లేకుండా బయటికి అడుగు పెట్టలేరు. ఆ రెండూ లేవని తెలిస్తే అసలు గన్నవరంలోనే ఎక్కనివ్వకపోవచ్చు.

ఇక సామాను. ఈ ఖర్చును ఎవరూ ముందుగా లెక్క వేయరు. దేశీయ విమానంలో సాధారణంగా 15 కిలోలు, చేతి సంచి 7 కిలోలు. అమెరికా టికెట్ మీద చాలా సంస్థలు 23 కిలోల పెట్టెలు రెండు ఇస్తాయి. ఒకే టికెట్ అయితే గన్నవరం నుంచే ఆ అమెరికా లెక్క వర్తిస్తుంది. విడి టికెట్ అయితే అదనపు కిలోలకు గన్నవరంలో డబ్బు కట్టాలి. అమ్మాయికి ఆవకాయ, గోంగూర, అరిసెలు, కారప్పొడి లేకుండా వెళ్ళే తల్లి గుంటూరులో ఉంటుందా? మా ఇద్దరి అదనపు బరువుకు కట్టిన సొమ్ముతో ధరలో ఆదా అయినదాంట్లో సగం పోయింది. వెబ్‌సైట్‌లో ముందుగా కొన్నాం కాబట్టి అంతే, కౌంటర్లో అయితే ఇంకా ఎక్కువ. మరో మాట. ఊరగాయ చేతి సంచిలో పెట్టకండి, తీయించేస్తారు. ఎండు కొబ్బరి పెట్టెలోనూ పెట్టకండి. అందులోని నూనె వల్ల నిప్పు ప్రమాదమని దాన్ని నిషేధించారు.

శంషాబాద్‌లో మధ్యాహ్నానికి దిగి, విమానాశ్రయానికి దగ్గరలో రహదారి పక్కన ఉన్న ఒక చిన్న లాడ్జిలో గది తీసుకున్నాం. గది శుభ్రంగా ఉంది, వేడి నీళ్ళు వచ్చాయి, ఇడ్లీలు గదికే తెచ్చిచ్చారు. కానీ రాత్రి పన్నెండున్నరకు విమానాశ్రయంలో దింపుతామని ఒప్పుకున్న బండి రాలేదు. డ్రైవరు ఫోన్ ఎత్తలేదు. గుమాస్తా నిద్ర మొహంతో వచ్చి ట్యాక్సీ పిలిపించాడు. అర్ధరాత్రి బండి ఉచితమన్న మాట నమ్మి గది ఎంచుకోవద్దు. ట్యాక్సీని మీరే ముందుగా మాట్లాడుకోండి. విమానాశ్రయం ఆవరణలోనే ఉన్న నోవోటెల్ ధర మాకు మించినది. వయసు మరీ పైబడినవాళ్ళతో వెళ్ళేవారికి మాత్రం ఆ ఖర్చు దండగ అనను.

వీల్‌చైర్ గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి, తోడు లేకుండా వెళ్ళే పెద్దవాళ్ళకు అదే ఆధారం. ఒకే టికెట్ అయితే దిగిన చోటి నుంచి తర్వాతి ద్వారం దాకా వాళ్ళే తీసుకెళ్తారు. విడి టికెట్ అయితే మొదటి సంస్థ మనిషి బయటి ద్వారం దగ్గర వదిలి వెళ్ళిపోతాడు. అక్కడి నుంచి రెండో సంస్థ కౌంటర్ దాకా మీ పెట్టెలు, మీ కాళ్ళు మీవే. మా ఆవిడకు గన్నవరం నుంచి శంషాబాద్ దాకా సేవ బాగా అందింది, దోహాలో ఇంకా బాగా అందింది. మధ్యలో శంషాబాద్ బయట మాత్రం సామాను బండి నేనే తోశాను. నేను పక్కన లేకపోతే ఆమె ఏమి చేసి ఉండేదో తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

తిరుగు ప్రయాణంలో శంషాబాద్‌లో తెల్లవారుజామున దిగాం. రాత్రంతా నిద్రలేని డ్రైవరుతో గుంటూరు దాకా కారులో రావడం నాకు ఇష్టం లేదు, మధ్యాహ్నం విమానమే తీసుకున్నాం. ఇమ్మిగ్రేషన్ అరగంటలో అయింది. నాలుగు పెట్టెల్లో ఒకటి రాలేదు. ఫిర్యాదు పత్రం రాయించి, నంబరు తీసుకుని బయటికి వచ్చేసరికి మరో గంటన్నర. మూడు గంటల వ్యవధితో ఉన్న ఒక కుటుంబం అదే వరుసలో నిలబడి, పత్రం రాయించకుండానే పరుగెత్తింది. మా టికెట్ గమ్యం హైదరాబాదే అయినా, గుంటూరు చిరునామా పత్రంలో రాయమని అడిగాను, పెట్టె కొరియర్‌లో ఇంటికే వచ్చింది.

టికెట్ ఒకటా రెండా తెలుసుకోవడానికి ఏజెంటు మాట చాలదు. ఒకే చోట ఒకే చెల్లింపుతో కొన్నా లోపల రెండు విడి టికెట్లు ఉండవచ్చు, కొన్ని వెబ్‌సైట్లు అలాగే అమ్ముతున్నాయి. ఈ-టికెట్ మీద 13 అంకెల నంబరు చూడండి. మొదటి మూడు అంకెలు సంస్థను సూచిస్తాయి, ఎయిర్ ఇండియాకు 098, ఖతార్‌కు 157, ఎమిరేట్స్‌కు 176. రెండు విమానాలకూ అదే నంబరు ఉంటే ఒకే టికెట్. తర్వాత సామాను ఏ ఊరి దాకా రాస్తారో అడగండి.

వచ్చే వేసవిలో మా వియ్యంకుడు గారు, వియ్యపురాలు గారు మొదటిసారి డాలస్ వెళ్తున్నారు. ఇంగ్లీషు రాదు, తోడు లేదు. వాళ్ళకు గన్నవరం నుంచే ఢిల్లీ మీదుగా ఒకే టికెట్ తీయమని అల్లుడు గారికి చెప్పాను. మనిషికి ఏడు వేలు ఎక్కువవుతోంది. ఆ తేడా నేను కడతానన్నాను.