తుప్పు పట్టిన క్యాటలిటిక్ కన్వర్టర్ మార్పించి మూడున్నరేళ్లు: తక్కువ ధరది ఎలా పనిచేసింది?

అమెరికాలోని క్లీవ్‌లాండ్ దగ్గర ఉండే మాకు చలికాలమంటే మంచుతో పాటు ఉప్పు కూడా. రోడ్ల మీద చల్లే ఆ ఉప్పు కారు అడుగున పట్టుకుని ఇనుమును కొరికేస్తుంది. 2021 అక్టోబరులో నా 2006 కరోలా కారులో చెక్ ఇంజిన్ దీపం వెలిగింది. కోడ్ పి0420, అంటే ఇంజిన్ పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని. కారు కింద దూరి కన్వర్టర్‌ను పిడికిలితో తడితే గులకరాళ్లు పోసిన డబ్బాలా గలగలమంది. లోపలి తేనెపట్టు లాంటి పింగాణీ దిమ్మ పగిలిపోయింది. గొట్టానికి బోల్టులతో బిగించే అంచు, అంటే ఫ్లాంజ్, అటుకుల్లా రాలుతోంది.

డీలరు 1,600 డాలర్లు అవుతుందన్నారు. కారును అమ్మినా అంతకు మించి పెద్దగా రాదు. కన్వర్టర్ తీసేసి ఉత్త గొట్టం బిగించుకోమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. అది చట్టవిరుద్ధం. పైగా రెండేళ్లకోసారి ఈ-చెక్ అనే వాహన కాలుష్య పరీక్ష నెగ్గకపోతే ఇక్కడ రిజిస్ట్రేషన్ పొడిగించరు. అవన్నీ అటుంచి, ఆ విషపు పొగను మా వీధి పిల్లల మీదికి వదలడానికి నాకు మనసొప్పలేదు.

చివరికి ఇపిఎ (అమెరికా పర్యావరణ సంస్థ) నిబంధనలకు లోబడిన ఆఫ్టర్‌మార్కెట్ కన్వర్టర్‌ను, అంటే కారు కంపెనీది కాకుండా వేరే సంస్థ చేసినదాన్ని, 230 డాలర్లకు కొన్నాను. కాలిఫోర్నియాలో అయితే అక్కడి కఠిన నిబంధనలకు సరిపడేదే కొనాలి, దాని ధర చాలా ఎక్కువ. చిన్న గ్యారేజీలో కూలి 140, కొత్త బోల్టులు, అతుకుల్లో లీకు రాకుండా పెట్టే గ్యాస్కెట్లకు 30. పాత దానిలో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి కాబట్టి దానికి 50 తగ్గించారు. మొత్తం 350 అయింది.

అసలు కష్టమంతా బోల్టులతోనే. ముందు రాత్రే తుప్పు వదిలించే నూనె పోసి నానబెట్టారు. ఒకటి మూలుగుతూ వచ్చింది. రెండోదాన్ని మంటతో ఎర్రగా కాల్చినా పుటుక్కున విరిగింది, డ్రిల్లుతో తొలిచి తీయాల్సి వచ్చింది. పాత బోల్టులే మళ్లీ వాడి డబ్బు మిగుల్చుకుందామని ఎవరూ అనుకోవద్దు.

అప్పటి నుంచి 31,000 మైళ్లు తిరిగాను. 2022లోనూ 2024లోనూ ఈ-చెక్ నెగ్గింది. పోయిన లాగుడు తిరిగి వచ్చింది, మైలేజీలో మాత్రం తేడా కనిపించలేదు. వేడి తగలకుండా పైన ఉండే రేకు మరీ పలచన. మూడో చలికాలానికే ఊడి గడగడలాడితే స్టీలు క్లాంపు వేయించాను.

2025 జనవరిలో మళ్లీ అదే దీపం, అదే కోడ్. గుండె జారిపోయింది. కన్వర్టర్ పనితీరుకు ఇచ్చే 25,000 మైళ్ల వారంటీ అప్పటికే దాటింది. 5 ఏళ్లు లేదా 50,000 మైళ్ల వారంటీ ఇంకా ఉన్నా, అది పైతొడుగుకూ గొట్టాలకూ మాత్రమే. అదృష్టవశాత్తూ మెకానిక్ తొందరపడకుండా పొగ పట్టించి చూశాడు. కన్వర్టర్ ముందువైపు అతుకు దగ్గర సన్నని లీకు ఉంది. అక్కడి నుంచి బయటి గాలి లోపలికి చేరి ఆక్సిజన్ సెన్సార్‌ను తప్పుదారి పట్టిస్తోంది. 15 డాలర్ల గ్యాస్కెట్‌తో దీపం ఆరిపోయింది, మళ్లీ వెలగలేదు. ఈ కోడ్ కనిపించగానే కన్వర్టర్ కొనేయకుండా ముందు లీకు చూపించుకోండి. ఇంజిన్ ఆయిల్ తాగుతుంటే అది కూడా ముందే బాగుచేయించాలి, లేకపోతే కొత్తది కూడా పాడవుతుంది.

నాలాగా పాత కారును ఇంకో నాలుగైదేళ్లు నడుపుకోవాలనుకునే వారికి ఇది చాలు. కారు కొని 8 ఏళ్లు నిండకుండా, 80,000 మైళ్లు దాటకుండా ఉంటే మాత్రం దీని జోలికి వెళ్లొద్దు. ఫెడరల్ వారంటీ కింద కంపెనీయే ఉచితంగా మార్చాలి.