60 హార్స్‌పవర్ మెర్క్యురీకి నాలుగు రెక్కల స్పిట్‌ఫైర్

మాది పదహారున్నర అడుగుల అల్యూమినియం పడవ, వెనక మెర్క్యురీ 60 హార్స్‌పవర్ ఫోర్‌స్ట్రోక్ ఇంజన్. డాలస్ నుంచి ఎక్కువగా వెళ్లేది లేక్ ఫోర్క్ జలాశయానికే. ఈమధ్య స్పిట్‌ఫైర్ వేశాను, మెర్క్యురీవాళ్లదే, నాలుగు రెక్కల అల్యూమినియం ప్రొపెల్లర్, 12 పిచ్ (పిచ్ సంగతి కింద చెప్తాను). ఈ పడవ మీద పెట్టిన డబ్బులో ఇంత ఫలితం ఇచ్చింది మరొకటి లేదు.

పడవతో వచ్చింది మూడు రెక్కలది, 14 పిచ్. ఒక్కడినే వెళ్తే దానితో ఏ ఇబ్బందీ ఉండదు. కానీ ఒక్కడినే ఎప్పుడు వెళ్తాను? బావమరిది, ఊరి నుంచి వచ్చిన నాన్నగారు, నిండు ట్యాంకు, బ్యాటరీలు, ఐస్‌బాక్సు, పులిహోర డబ్బాలు. ఇంత బరువుతో థ్రాటిల్ పూర్తిగా తోసినా, ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు (ఆర్‌పీఎం) తిరుగుతుందో చూపే టాకోమీటర్ 5300 దాటేది కాదు. ఈ ఇంజన్ ఫుల్ థ్రాటిల్‌లో 5500 నుంచి 6000 మధ్య తిరగాలి. అంతకు తగ్గిందంటే మోయలేని బరువుతో మూలుగుతున్నట్టే. ఎప్పుడూ అలాగే నడిపితే ఇంజన్ పాడవుతుంది.

పిచ్ అంటే, నీళ్లలో జారుడే లేకపోతే ప్రొపెల్లర్ ఒక చుట్టులో ఎన్ని అంగుళాలు ముందుకు పోతుందో ఆ కొలత. అంగుళం తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. నాలుగో రెక్క అందులో కొంత తినేస్తుంది. అందుకే 13 దగ్గర ఆగకుండా 12కి దిగాను. ఇప్పుడు అదే బరువుతో 5650, ఒక్కడినైతే 5900.

అసలు తేడా బయలుదేరేటప్పుడు తెలుస్తుంది. ఇదివరకు ముక్కు పైకి లేచి, ముందేమీ కనపడక, నాన్నగారు అంచు పట్టుకుని బిగుసుకుపోయేవారు. ఇప్పుడు పడవ చప్పున నీటి మీదికి లేచి సమంగా పరిగెడుతుంది. "ఇదిరా పద్ధతి" అన్నారాయన. పదునైన మలుపుల్లోనూ పట్టు వదలడం లేదు. పై వేగం మాత్రం గంటకు 32 మైళ్ల నుంచి 30కి తగ్గింది. వేగమే కావాలనుకునేవాళ్లకు ఇది వద్దు.

స్టెయిన్‌లెస్ స్టీల్ కొనమని చాలామంది చెప్పారు. అది గట్టిది, వేగానికి మంచిదే. కానీ లేక్ ఫోర్క్‌లో 1980లో నీళ్లు నింపడం మొదలుపెట్టినప్పుడు చేపల కోసం బోలెడు చెట్లను కొట్టకుండా వదిలేశారు. ఆ మొద్దులకు తగిలితే అల్యూమినియం రెక్క వంగి దెబ్బ తనే తింటుంది, ఇంజన్ అడుగున గేర్లుండే పెట్టెను, అంటే గేర్‌కేస్‌ను కాపాడుతుంది. రెక్క పోతే మార్చుకోవచ్చు, గేర్‌కేస్ పోతే జేబు ఖాళీ.

ప్రొపెల్లర్ కొనేముందు ఇంజన్ ఎత్తు చూసుకోండి. ప్రొపెల్లర్‌కు పైన అడ్డంగా ఉండే పలక, అంటే యాంటీవెంటిలేషన్ ప్లేటు, పడవ అడుగుకు సమంగా గానీ, కాస్త పైన గానీ ఉండాలి. మాది కిందికి ఉండడంతో ముందే ఒక బోల్టు రంధ్రం పైకి జరిపించాం. ఆ తర్వాత మీరు మామూలుగా తీసుకెళ్లే మనుషులను, సామానును ఎక్కించి, ఫుల్ థ్రాటిల్‌లో ఆర్‌పీఎం ఎంతో రాసుకుని షాపుకు వెళ్లండి.

బిగించేటప్పుడు ముందు ఇంజన్ తాళంచెవి తీసేయండి. షాఫ్టుకు గ్రీజు పూసి, రెక్క తిరక్కుండా చెక్కముక్క అడ్డం పెట్టి, నట్టును 55 ఫుట్‌పౌండ్లకు బిగించాలి.