మోనోపలీ: వెనుకబడినవాడికి నిచ్చెన లేని ఆట

సెలవుల్లో పిల్లల కోసం బోర్డు ఆట కొనాలనుకునేవారికి దుకాణంలో ముందుగా కనిపించేది మోనోపలీ పెట్టె. మన ఇళ్లలో ‘బిజినెస్’ పేరుతో ఎన్నో ఏళ్లుగా ఆడుతున్నది కూడా బొంబాయి, కలకత్తా పేర్లు తగిలించుకున్న దీని అనుకరణే. అసలు అమెరికన్ కూర్పులో 40 గళ్ల అట్ట, 28 ఆస్తి పత్రాలు, 32 ఇళ్లు, 12 హోటళ్లు, కాగితపు నోట్లు ఉంటాయి. నోట్లు త్వరగా నలిగిపోతాయన్నది తప్ప సామాను గురించి ఫిర్యాదు లేదు. మాట్లాడుకోవలసింది ఆట స్వభావాన్ని గురించి.

అందరూ ఆట డబ్బు 1500తో సమానంగా మొదలుపెడతారు గాని, ఆ సమానత్వం ఎక్కువసేపు నిలవదు. ఒక రంగు స్థలాలన్నీ ఒకరి చేతిలో పడితే ఖాళీ స్థలాలకే అద్దె రెట్టింపవుతుంది. పైగా వాటిపై ఇళ్లు కట్టుకునే హక్కు వస్తుంది. బోర్డ్‌వాక్ అనే అత్యంత ఖరీదైన స్థలానికి మామూలు అద్దె 50 అయితే, దానిపై హోటల్ లేచాక అది 2000 అవుతుంది. అట్ట చుట్టూ ఒకసారి తిరిగి వచ్చినవాడికి బ్యాంకు ఇచ్చేదేమో 200 మాత్రమే. అద్దె కట్టలేనివాడు తన ఇళ్లను సగం ధరకు బ్యాంకుకే అమ్ముకోవాలి, స్థలాలను తాకట్టు పెట్టుకోవాలి, విడిపించుకునేటప్పుడు పది శాతం వడ్డీ చెల్లించాలి. వైకుంఠపాళిలో అట్టడుగున ఉన్నవాడికి నిచ్చెన దొరకవచ్చు, పైకి చేరినవాడు పెద్దపాము నోట పడవచ్చు. ఇక్కడ పైనున్నవాడి కోసం అలాంటి పాము లేదు. అందుకే చాలా ఆటల్లో ఫలితం సగంలోనే తేలిపోతుంది, మిగిలిన సమయమంతా ఓడినవాడు తన ఓటమిని కంతులవారీగా చెల్లిస్తూ కూర్చుంటాడు. ఆటగా చూస్తే ఇది పెద్ద లోపమే.

ఈ లోపాన్ని కుటుంబాలు సరిదిద్దుకునే తీరు నాకు ఆటకంటే ఆసక్తికరంగా తోస్తుంది. జరిమానాలు, పన్నుల సొమ్మంతా అట్ట మధ్యలో పోగుచేసి, ఫ్రీ పార్కింగ్ గడిలో ఆగినవాడికి ఇచ్చేయడం ఎన్నో ఇళ్లలో ఆనవాయితీ. అధికారిక నియమాల్లో ఇది లేదు. ఆ గడిలో ఆగితే ఏమీ జరగదు. దివాలా అంచున ఉన్నవాడికి హఠాత్తుగా నిధి దొరకాలన్న కోరిక కథల నుంచి వచ్చినది. బలవంతుడు గెలిస్తే అందులో చెప్పడానికి కథేమీ ఉండదు గనుక కథకులు బలహీనుడి పక్షం వహిస్తారు. ఓడుతున్నవాడిలో తమను తాము చూసుకుంటారు గనుక వినేవాళ్లు ఒప్పుకుంటారు. అయితే ఆ నిధి ధనవంతుడికి కూడా దక్కవచ్చు గనుక, ఈ ఇంటి నియమం ఆటను సాగదీస్తుందే తప్ప బలాబలాలను పెద్దగా మార్చదు.

ఈ ఆటకు చాలాకాలం ప్రచారంలో ఉన్న జన్మవృత్తాంతం కూడా అలాంటి కథే. ఆర్థిక మాంద్యంలో ఉద్యోగం పోయిన చార్లెస్ డారో అనే సామాన్యుడు ఇంట్లో కూర్చుని దీన్ని కనిపెట్టి, 1935లో పార్కర్ బ్రదర్స్ అనే ఆటల కంపెనీకి అమ్మి, కోటీశ్వరుడయ్యాడని చెప్పేవారు. నిజానికి దీనికి మూలమైన ఆటకు లిజీ మేగీ అనే మహిళ 1904లోనే పేటెంటు పొందారు. భూమి కొద్దిమంది గుప్పిట్లో ఉంటే మిగిలినవారు ఎలా చితికిపోతారో చూపించడమే ఆమె ఉద్దేశం. ఆ ఆట చేతి తయారీ అట్టల రూపంలో చేతులు మారుతూ, అమెరికాలోని అట్లాంటిక్ సిటీ వీధుల పేర్లు తగిలించుకుని డారో దాకా వచ్చింది. మేగీ పేటెంటుకు కంపెనీ చెల్లించింది 500 డాలర్లు, రాయల్టీ లేదు. దిక్కులేనివాడి విజయగాథే దిక్కులేని ఒక మహిళ పేరును కప్పేసింది. రాల్ఫ్ ఆన్స్‌పాక్ అనే ఆర్థికశాస్త్ర అధ్యాపకుడు ‘యాంటీ మోనోపలీ’ అనే తన ఆట పేరు కోసం మోనోపలీ కంపెనీతో 1970లలో మొదలైన వ్యాజ్యంలో పోరాడకపోతే ఈ చరిత్ర ఎప్పటికి బయటపడేదో తెలియదు. ఆయన చివరికి గెలిచారు. ఈ ఆటలోలాగే నిజజీవితంలోనూ చిన్నవాడు గెలవడని ఎవరైనా అంటే అది పూర్తిగా నిజం కాదని ఒప్పుకోవాలి, కాకపోతే ఆ గెలుపుకు దాదాపు పదేళ్లు పట్టింది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మనస్తత్వ పరిశోధకుడు పాల్ పిఫ్ ఇదే ఆటను వక్రంగా ఆడించారు. నాణెం ఎగరేసి, ఒకరికి రెట్టింపు డబ్బు, రెండు పాచికలు ఇచ్చారు. రెండోవారికి ఒక్క పాచికే. గెలిచినవారిని కారణం అడిగితే, నాణెం సంగతి వదిలేసి తాము తెలివిగా కొన్న స్థలాల గురించి చెప్పారట. మన మధ్య ఇలాంటివారు ఎందరో ఉన్నారు గనుక ఇందులో నాకు ఆశ్చర్యం కలగలేదు.

ఎనిమిదేళ్లు దాటిన పిల్లలున్న ఇంటికి ఈ పెట్టెను కొనమనే చెబుతాను, అయితే సరదా సాయంకాలం కోసమైతే ఇతర ఆటలు చూసుకోవడం మేలు. కొన్నవారు ఫ్రీ పార్కింగ్ నిధిని పక్కనపెట్టి, ఒకరు వద్దన్న స్థలాన్ని వెంటనే వేలం వేయాలన్న అధికారిక నియమాన్ని తప్పక పాటిస్తే ఆట త్వరగా ముగుస్తుంది. ఆటలోని జైలు గడి నుంచి బయటికొచ్చేవారు ఎక్కువగా ఆగేది నారింజ రంగు స్థలాల్లోనే గనుక, పిల్లలు వేలంలో వాటిని వదులుకోకుండా చూడండి.